సిపాయి కోటు – గుమాస్తా కుంచె

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల కిందట కార్యదర్శిగారు తుర్కయంజాల్‌లోని మా ఇంటికి వచ్చారు. "డి.ఏ. బకాయిల మీద మాట్లాడేవారు నలుగురున్నారు, హెల్త్ కార్డుల మీద ముగ్గురున్నారు, మీరు మాత్రం మీ సిపాయిల సంగతి చెప్పండి" అన్నారు. సభలో అందరూ కోపంగా మాట్లాడాక మధ్యలో కాస్త గాలి ఆడాలన్నది ఆయన ఉద్దేశం కాబోలు. సరేనన్నాను. కానీ సిపాయిల కథలోనూ బకాయిలున్నాయని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆ సంగతి వచ్చినప్పుడు మీరే గుర్తుపడతారు.

నేను చిత్రకారుణ్ణి కాను. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఎల్.డి.సి.గా చేరి, యు.డి.సి. అయి, చివరి నాలుగేళ్లు సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని 2009లో దిగిపోయాను. బొమ్మల పిచ్చి మాత్రం చేరిన ఏడాదే పట్టింది. దానికి కారణం కలెక్టరుగారి దఫేదారు. ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ, కొసకు జరీ ఉన్న తలపాగా పెట్టుకుని గది ముందర నిలబడేవాడు. లోపల కలెక్టరు ఉన్నా లేకపోయినా, దఫేదారు నిలబడి ఉంటే మేమంతా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. ఒకనాడు చిత్తుకాగితం వెనక అతని బొమ్మ గీశాను. అతనికి చూపిస్తే చాలాసేపు చూసి, "అంతా మంచిగున్నది సార్, బిళ్ళ మాత్రం చిన్నగైంది" అన్నాడు. మొహం పోలిందా లేదా అన్నది అతనికి పట్టలేదు, బిళ్ళ కొలత పట్టింది. యూనిఫారం బొమ్మ గీసేవాడికి అంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పరు. దఫేదారు అన్నది అసలు గుర్రపు పటాలంలో ఒక హోదా అనీ, అక్కడి నుంచి కచేరీ గుమ్మం దాకా నడిచి వచ్చిందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటి నుంచి పాత సిపాయిల వెంట పడ్డాను.

నా సరంజామా చెబితే నవ్వుతారు. పిల్లలు వాడే కేమెల్ నీటిరంగులు, సున్నా నంబరు కుంచెలు రెండు, ఒక భూతద్దం, కార్ట్రిడ్జి కాగితం. ఆ కాగితం పేరులోనే తోటా ఉంది చూడండి. పూర్వం తుపాకి మందునూ గుండునూ చుట్టడానికి వాడిన కాగితం జాతి అది, ఇప్పుడు దాని మీదే తుపాకి బొమ్మ వేస్తున్నాను. ఒక్కొక్క సిపాయి జానెడు పొడుగు, అంతకు మించడు. విదేశాల్లో ఇదే సరదాను సీసపు బొమ్మలతో తీర్చుకునేవారున్నారు. ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీవారు 1893లో లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిలను పోతపోసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ పొడుగే, 54 మిల్లీమీటర్లు, ఇప్పటికీ ఆ సరదాగాళ్లకు ఒక కొలబద్ద. నాకు సీసం వద్దు, కాగితం చాలు. బదిలీ అయినప్పుడు ఫైలులో పెట్టుకుని పోవచ్చు.

ఇక విషయానికి వస్తాను. "ఏ రంగు కోటయితే ఏమిటి, సిపాయి సిపాయే కదా" అని మా ఇంటామె అంటుంది. రంగువల్ల యుద్ధమే ఓడిపోయిన కథ మన తెలుగు నేల మీదే ఉంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ యుద్ధం జరిగింది. ఇంగ్లీషువారి పక్షాన కర్నల్ ఫోర్డు, ఆయనకు తోడు విజయనగరం ఆనంద గజపతిరాజు. అటువైపు కాన్ఫ్లాన్స్. ఫోర్డు దగ్గరున్న సిపాయిలు బెంగాలు నుంచి క్లైవు పంపగా వచ్చినవారు, వాళ్లకు ఎర్ర కోట్లిచ్చారు. ఫ్రెంచివారికి అప్పటిదాకా తెల్లబట్టల సిపాయిలే అలవాటు. ఎరుపు కనిపిస్తే తెల్లవాడే అనుకున్నారు. ఇంగ్లండు సోల్జర్ల పటాలమేమో ఎత్తుగా పెరిగిన పైరు చాటున ఉంది. ఫ్రెంచివారు ఎర్రకోట్ల సిపాయిల మీద పడి వాళ్లను తరుముకుంటూ పోయారు, అసలు పటాలం పక్క నుంచి వచ్చి వాళ్లను కొట్టింది. నాలుగు నెలలకు, 1759 ఏప్రిల్‌లో, మచిలీపట్నం కూడా పోయింది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి చేతికి పోవడంలో ఒక దర్జీ పని కూడా ఉందన్నమాట.

ఆ ఎరుపు వేయడానికి నేను పడ్డ పాట్లు మీకు చెప్పాలి. మొదట్లో డబ్బాలో ఉన్న ఎరుపు ఉన్నట్టే పూసేవాణ్ణి. సిపాయి కాస్తా రైల్వే కూలీలా వచ్చేవాడు. కోటు ఇంగ్లండు నుంచి వచ్చిన బనాతుతో కుట్టేవారు. మంజిష్ఠ జాతి వేరుతో అద్దిన ఎరుపు అది. సిపాయి ఆ ఉన్ని కోటును మన ఎండలో తొడుక్కుని తిరిగేవాడు. రెండు వానలూ రెండు ఎండలూ తిన్న బనాతు ఇటుక రంగుకు దిగుతుంది. అధికారి కోటుకు ఖరీదైన రంగు, అది నిలిచి ఉంటుంది. అందుకని నా బొమ్మల్లో సుబేదారు పక్కనున్న సిపాయికి ఎప్పుడూ కాస్త వెలిసిన ఎరుపే. నీడకు నలుపు కలపకూడదు, కలిపితే ఎరుపు మురికి పడుతుంది. చిటికెడు ఆకుపచ్చ కలపాలి. ఆకుపచ్చ కలిపితే ఎరుపు ముదురుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి కుంచె సరిగ్గా కడగకపోవడంవల్ల తెలిసింది. తెలుపుకు రంగే వేయను, కాగితాన్ని వదిలేస్తాను. 1790ల నాటి మద్రాసు సిపాయికి కింద తెల్లటి పొట్టి లాగు, మోకాళ్ల కింద ఏమీ లేదు, కాళ్లకు చెప్పులు. పైన ఇంగ్లండు కోటు, కింద మన పొలంలో దిగిన మనిషి. ఆ కాళ్లు గీసేటప్పుడు నాకు మా ఊరి వాళ్లే గుర్తుకొస్తారు.

ఊరివాళ్లే అన్నది ఊరికే అన్న మాట కాదు. ఉత్తరాదిన పూర్వం సిపాయిని తిలంగా అనేవారు. క్లైవు 1756 చివర మద్రాసు నుంచి సిపాయిలను బెంగాలు తీసుకుపోయాడు. వాళ్లలో తెలుగువాళ్లుండటంతో ఆ పేరు పడింది. తర్వాత ఆ కోటు తొడుక్కున్న ప్రతివాడూ, భోజ్‌పురివాడైనా అవధ్‌వాడైనా, తిలంగాయే. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలను కూడా అక్కడివారు తిలంగాలనే అన్నారు. మన పేరు మనకు తెలియకుండానే ఢిల్లీ వీధుల్లో తిరిగింది. మొన్న రాష్ట్రం వచ్చినప్పుడు పేరు గురించి ఎన్ని సభలు జరిగాయి, ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఇలాంటి బొమ్మలు గీయడం నాతో మొదలు కాలేదని కూడా చెప్పాలి. కంపెనీ కాలంలో తంజావూరు చిత్రకారులు సిపాయినీ అతని భార్యనూ జంటగా నిలబెట్టి బొమ్మలు వేసి దొరలకు అమ్మేవారు. 1830లలో వెల్లూరులో ఎల్లప్ప అనే చిత్రకారుడుండేవాడు. పేరు చూస్తే మనవాడే అనిపిస్తుంది. తాను బొమ్మ వేస్తున్నట్టుగా తన బొమ్మనే వేసుకున్నాడు. అది లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 2019-20లో అక్కడే వాలెస్ కలెక్షన్‌లో ఇలాంటి చిత్రకారుల పనిని ప్రదర్శనకు పెట్టినప్పుడు మా మనవరాలు ఫోనులో తెచ్చి చూపించింది. "తాతా, ఈయన నీలాగే కూచున్నాడు" అంది. ఆయన నడుము నాకంటే నిటారుగా ఉంది, అది వేరే సంగతి.

వెల్లూరు అన్నాను కనుక నా పెద్ద తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1805 నవంబరులో మద్రాసు సైన్యంలో కొత్త తలపాగా వచ్చింది. టోపీలా కనిపించేది, దాని మీద తోలుతో చేసిన గుత్తి. దానితోపాటు నుదుటి మీద బొట్టూ నామమూ విభూతీ ఉండరాదు, గడ్డం తీయాలి, మీసం ఒక కొలతకు కత్తిరించాలి, చెవి పోగులు తీసేయాలి అని ఉత్తర్వు. 1806 జులై 10 తెల్లవారుజామున వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. చాలామంది చచ్చారు, రెండు వైపులా. మద్రాసు గవర్నరు బెంటింకునూ, సేనాధిపతి క్రాడకునూ వెనక్కు పిలిపించారు. మన హైదరాబాదులో ఉన్న కంపెనీ పటాలంలోనూ గుసగుసలు బయలుదేరాయి. ఇక్కడి అధికారి తెలివిగా ఆ ఉత్తర్వును రద్దు చేసి గండం గట్టెక్కించాడు. పైనుంచి వచ్చిన సర్క్యులరును యథాతథంగా అమలు చేయడంలో ఉన్న ప్రమాదం ఈ సభకు నేను వివరించనక్కర్లేదు.

నేను ఆ సిపాయిని గీశాను. కొత్త తలపాగా, తోలు గుత్తి, గుండీలు లెక్కపెట్టి మరీ వేశాను. ఒక పాఠశాల వార్షికోత్సవంలో నా బొమ్మలు పెట్టారు. రిటైరైన ఒక చరిత్ర మాస్టారు వచ్చి అన్నీ చూసి, దీని ముందు ఆగి, "అయ్యా, ఈ టోపీ పెట్టుకున్నవాడికి ఈ నామం ఎక్కడిది?" అన్నారు. నాకు చెమట పట్టింది. నామం తుడవమన్నందుకే కదా అంత రక్తం పారింది! నేను రెండింటినీ ఒకే మొహం మీద పెట్టాను. అందంగా ఉందని పెట్టాను, అంతే. ఆ రాత్రి ఇంటికి వచ్చి బొమ్మ చింపబోయాను. మా ఇంటామె చేయి పట్టుకుని, "ఇద్దర్ని చెయ్యి" అంది. ఇప్పుడు ఆ కాగితం మీద ఇద్దరున్నారు. ఒకడు పాత తలపాగాతో, నామంతో. ఇంకొకడు కొత్త టోపీతో, ఖాళీ నుదురుతో. ఇద్దరిదీ ఒకే మొహం.

ఇంకో తప్పు చిన్నది. అల్లుడు ఫోనులో పంపిన ఫోటో చూసి ఒక రౌతును గీశాను. కత్తి కుడివైపు వేలాడింది. ఫోటో అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. గుండీల కాజాలు చూస్తే తెలిసేది, చూడలేదు. ఆడిట్ అభ్యంతరం రాసే రోజుల్లో అయితే ఇలాంటివి నా కంటిని దాటేవి కావు.

ఇక మన పరగణాకు వస్తాను. మీలో సగం మంది దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే ఇక్కడికి వచ్చి ఉంటారు. మూసారాంబాగ్ దాటి వచ్చినప్పుడు ఆ పేరు ఎవరిదో అనుకున్నారా? మస్యే రేమూ అనే ఫ్రెంచివాడిది. ఇంగ్లీషువారు రేమండ్ అంటారు. 1755లో పుట్టాడు, నిజాం అలీఖాన్ కొలువులో పటాలాలు కట్టాడు, గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోతపోయించాడు. జనం నోట్లో మస్యే రేమూ కొందరికి మూసా రహీం అయ్యాడు, కొందరికి మూసా రాం అయ్యాడు. 1798 మార్చి 25న పోయాడు. అస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది. నిలువెత్తు రాతి స్తంభం, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు. పక్కనున్న మంటపం 2001లో కూలిపోతే మళ్లీ కట్టారు. నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నోసార్లు ఆదివారం పూట టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ గుట్ట మీద కూర్చున్నాను. అప్పట్లో అక్కడి నుంచి సరూర్‌నగర్ చెరువు బాగా కనిపించేది.

ఆయన పోయిన ఏడాదే, 1798 సెప్టెంబరు 1న, నిజాం ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయాలి. పది వేలు దాటిన సైన్యం, ఫ్రెంచి మూడు రంగుల జెండా, ఫిరంగులు. యుద్ధం తప్పదనుకున్నారు. కానీ అక్టోబరు 22న కొద్ది గంటల్లో, రక్తం చుక్క పడకుండా ఆయుధాలు కింద పెట్టారు. కిర్క్‌ప్యాట్రిక్, మాల్కం దగ్గరుండి జరిపించారు. ఎలా సాధ్యమైంది? ఇదీ నేను మొదట చెప్పిన సంగతి: సిపాయిలకు జీతం బకాయిలున్నాయి! బకాయి ఇవ్వమని సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించి కూర్చున్నారు. బకాయిలు ఇస్తామనేసరికి తుపాకులు దింపారు. (ఇక్కడ అధ్యక్షులవారు నవ్వుతున్నారు. నవ్వవచ్చు, మన బకాయిలకు తుపాకులు కూడా లేవు.)

అదే నిజాం అలీఖాన్ దగ్గర ఆడ సిపాయిల పటాలం ఉండేది. జఫర్ పల్టన్ అనేవారు. తుపాకులు పట్టి కవాతు చేసేవారు, జనానాకు కాపలా కాసేవారు, 1795లో మరాఠాలతో ఖర్డా యుద్ధానికి కూడా వెళ్లారు. వాళ్ల నాయకురాళ్లు మామా బరున్, మామా చంపా. నేను వాళ్లను గీస్తే మా వీధి పిల్లలు ఇది కల్పన అన్నారు. నేనేం చేయను!

పేర్లు మాత్రమే మిగిలిన పటాలాలు మన ఊళ్లో ఎన్నో. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ అనుకునేవారున్నారు, అది ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్. నిజాం అంగరక్షక దళంలోని హబ్షీల బస్తీ. బార్కస్ అంటే బారక్స్, అరబ్బు సిపాయిల చోటు. బొల్లారం హైదరాబాద్ కంటింజెంటుది. ఆ కంటింజెంటు జీతాల బాకీ కోసమే 1853లో నిజాం బేరారును ఇంగ్లీషువారికి అప్పగించవలసి వచ్చింది. మళ్లీ జీతాలే. అదే పటాలం 1903లో ఇండియన్ ఆర్మీలో కలిసింది, తర్వాత హైదరాబాద్ రెజిమెంటు అయింది, 1945లో కుమాయూన్ రెజిమెంటని పేరు మారింది. ఎక్కడి బొల్లారం, ఎక్కడి కుమాయూన్!

నేను ఇప్పటికి నూట ఎనభై దాకా బొమ్మలు వేశాను. వాటిలో అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టిన ఒక్కదాని సంగతి చెప్పి ముగిస్తాను.

మా తాత సిపాయి కాడు, సైసు. హైదరాబాద్ లాన్సర్ల దగ్గర గుర్రాలను చూసుకునేవాడు. 1914 చివర ఆ పటాలాన్ని ఈజిప్టుకు పంపారు. మైసూరు లాన్సర్లతో, తర్వాత వచ్చి చేరిన జోధ్‌పూర్ లాన్సర్లతో కలిపి పదిహేనో ఇంపీరియల్ సర్వీస్ కేవల్రీ బ్రిగేడు. ముందు సూయజ్ కాలువ కాపలా, తర్వాత పాలస్తీనా. ఢిల్లీలో తీన్ మూర్తి అని వింటున్నాం కదా, ఆ మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే. 1922 నాటివి, లెనార్డ్ జెన్నింగ్స్ చేసినవి. వాటిలో ఒకడు మన హైదరాబాదువాడు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి గుర్రాలతో దూకినవారు జోధ్‌పూర్, మైసూరు రౌతులు. మనవాళ్లు ఆ దాడిలో లేరు, బ్రిగేడులో ఉన్నారు. 2018 జనవరిలో ఆ కూడలికి హైఫా పేరు కూడా కలిపారు. నేను సంఘం యాత్రలో ఢిల్లీ వెళ్లినప్పుడు మిగతావారంతా బస్సులో కూర్చుని ఉండగా ఆ విగ్రహాల చుట్టూ నాలుగుసార్లు తిరిగి, బూటు నుంచి తలపాగా దాకా నోటుబుక్కులో గీసుకున్నాను. బస్సువాడు హారన్ కొట్టాడు, తోటివారు విసుక్కున్నారు. వారిలో కొందరు ఈ సభలోనే ఉన్నారు, క్షమించగలరు.

రౌతు దొరికాడు. సైసు దొరకలేదు. గుర్రం మీద కూర్చున్నవాడికి విగ్రహం ఉంది, పుస్తకాల్లో రంగుల పుట ఉంది. గుర్రం పగ్గం పట్టుకున్నవాడు ఏ పుటలోనూ అంచు దాటి లోపలికి రాడు. వచ్చినా సగం భుజమో, ఒక చేయో. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు ఏళ్ల తరబడి తిరగేశాను. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో కూర్చున్నాను. ఆఖరికి నాకు మిగిలిన ఆధారాలు మా ఇంట్లోవే.

మా తాత పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. ఊళ్లో గుర్రాల తాత అనేవారు. ఇబ్రహీంపట్నం సంతకు జట్కా వస్తుంటే, అరుగు మీద పడుకున్నవాడు లేచి కూర్చుని, గుర్రం నడక చూసి, "వెనక కుడికాలు నాలు వదులైంది" అని చెప్పేవాడు. మిస్రు గురించి అడిగితే మాత్రం, "ఇసుక. అంతా ఇసుకనే. గుర్రాలకు నీళ్లు మోసినం" అనేవాడు, అంతే. ఆయన పోయాక ఒకసారి నాయనమ్మను, "తాత కోటేది?" అని అడిగాను. "ఏం కోటు బిడ్డా, నీ బొంతల కుట్టిన. నువ్వు పండుకునేది అదే" అంది.

మిత్రులారా, నేను ఆ బొంత మీద పదేళ్లు పడుకున్నాను. తలవైపు మూలలో ఒక గరుకు ముక్క ఉండేది, చెంపకు గుచ్చుకునేది. ఎండిపోయిన గడ్డి రంగు. అది తాత కోటు వీపు గుడ్డ. ఆ బొంత చిరిగి, చివరికి పశువుల కొట్టంలో పడి, పోయింది. నాయనమ్మ పెట్టెలో ఒక ఇత్తడి గుండీ మాత్రం దొరికింది.

పదేళ్ల కిందట ఆ బొమ్మ మొదలుపెట్టాను. తాతను గుర్రం పక్కన నిటారుగా నిలబెట్టాను, సిపాయి నిలబడ్డట్టు. ఖాకీ కలిపాను. పసుపుమట్టి రంగు, గోధుమ రంగు, చిటికెడు ఆకుపచ్చ. బాగానే ఉందనుకుని ఊరికి తీసుకుపోయి మా అన్నకు చూపించాను. ఆయనకు అప్పటికే డెబ్బై దాటాయి, తాతతో పొలానికి పోయినవాడు. చాలాసేపు చూసి, "ఇదెవరురా?" అన్నాడు. తాత అన్నాను. "తాత గిట్ల నిలబడేటోడా? ఎడమకాలు గుర్రం తన్నింది కద. ఎప్పుడు నిలబడ్డా దేనికో ఒకదానికి ఒరిగేటోడు" అన్నాడు. నాకూ గుర్తుకొచ్చింది, గుంజకు ఒరిగి నిలబడ్డ తాత. యూనిఫారం తొడిగే తొందరలో మనిషిని మరచిపోయాను. ఆ కాలు లడాయిలో విరిగిందా, తర్వాత విరిగిందా అంటే అన్నకూ తెలియదు.

మళ్లీ గీశాను. ఈసారి తాత గుర్రం మెడకు భుజం ఆనించి నిలబడ్డాడు. బరువంతా కుడికాలు మీద. గుర్రం కూడా కాస్త ఇటే ఒరిగింది, గుర్రాలు అలాగే చేస్తాయట.

రంగు వేసే వేళకు నా కళ్లు మొరాయించాయి. శుక్లాలు. మీలో చాలామందికి అయ్యే ఉంటుంది. కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన మర్నాడు ఇంటికి వచ్చి నా బొమ్మల కట్ట విప్పాను. గుండె జారిపోయింది. గత నాలుగైదేళ్లుగా నేను నీలమనుకుని వేసిన తలపాగాలు సగానికి సగం నలుపు. తెల్ల లాగుల నీడలు పచ్చగా కామెర్లొచ్చినట్టున్నాయి. కంటిలో పొర పండుతున్నకొద్దీ లోకమంతా పలచటి టీ కషాయంలోంచి చూసినట్టుంటుందట. అది మెల్లిగా వస్తుంది కనుక మనకు తెలియదట. డాక్టరమ్మ చాలా మామూలుగా చెప్పింది. ఆమెకేం తెలుసు, నా చేతిలో నలభై మంది సిపాయిలు తప్పుడు తలపాగాలతో నిలబడి ఉన్నారని!

ఎడమకంటికి ఇంకా చేయించలేదు. మా పిల్లలు చేయించుకొమ్మని పోరుతున్నారు. నేను వాయిదా వేస్తున్న కారణం వాళ్లకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను. కుడికన్ను మూసి చూస్తే తాత కోటు ఒక రంగు. వెచ్చగా, పొగచూరిన గడ్డిలా. ఎడమకన్ను మూసి చూస్తే ఇంకొక రంగు, బూడిద కలిసినట్టు. ఏది నిజం? చిన్నప్పుడు బొంత మీద పడుకుని చూసింది పొర లేని కళ్లతో కనుక కుడికన్ను చూపేదే నిజమని లెక్క చెబుతుంది. కానీ నాకు గుర్తున్నది ఎడమకన్ను రంగు. గుర్తుకు కూడా పొర కమ్ముతుందేమో! రెండు నెలలు ఒక కన్ను మూసీ, ఒక కన్ను తెరిచీ ఆ కాగితం ముందు కూర్చున్నాను. మా ఇంటామె, "ఎవరికి కన్ను గొడుతున్నవ్?" అని అడిగింది.

ఆఖరికి కుడికంటితోనే వేశాను. లెక్కను నమ్మాను, ముప్పై అయిదేళ్ల అలవాటు. కోటు వీపు మాత్రం బొమ్మలో కనిపించదు, తాత ఎదురుగా నిలబడ్డాడు కనుక. ఆ చోటు రంగు చూపనక్కర లేకుండా పోయింది.

బొమ్మ ఆ బల్ల మీద ఉంది, మిగతావాటితో పాటు. చేయి వణుకుతోంది కనుక పగ్గం గీత రెండు చోట్ల వంకర పోయింది, గమనించి కూడా వదిలేశాను. వచ్చే నెల ఎడమకంటికి తేదీ ఇచ్చారు, ఇక వాయిదా వేయను.

గుండీని కూడా తెచ్చాను. ఈ మాత్రల డబ్బాలో ఉంది. మీద ఏదో ముద్ర ఉండేది, అరిగిపోయింది. వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి కనిపించదు. మొదటి వరుస నుంచి అందిస్తున్నాను, ఒకరి తర్వాత ఒకరు చూసి, భోజనాలకు లేచేలోగా కార్యదర్శిగారి చేతికి ఇవ్వండి. సెలవు.